వాడి పని వాణ్ని చేసుకోనిద్దాం!

నెల ఒకటో తారీకు. తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకొచ్చి పేరు పెట్టి పిలుస్తారు. పాతికేళ్ల కుర్రాడు బయటికొస్తాడు. మిషను మీద వేలు పెడతాడు. దివ్యాంగుల పింఛను, 6 వేల రూపాయలు. నోట్లు లెక్కపెట్టుకునేది మాత్రం వాళ్లమ్మ. కుర్రాడు మళ్లీ లోపలికెళ్లి తన మూల తను కూర్చుంటాడు. ఆ డబ్బుతో వాడి సంబంధం వేలిముద్ర వరకే!

నరసరావుపేటలోనో గురజాలలోనో మాచర్లలోనో... ఇలాంటి గుమ్మం మీ వీధిలోనూ ఉండొచ్చు. ఆ తల్లిని తప్పుపట్టడానికేం లేదు. మందులకీ ఆస్పత్రికీ తిరగడానికీ ఆ డబ్బు సరిపోతే గొప్ప. కానీ ఒక్క ప్రశ్న. 2024 జులై నుంచి ఆ పింఛను 6 వేలయింది కదా... అందులో ఒక్క పది రూపాయల నోటు వాడి చేతిలో పెట్టి, 'కొట్టుకెళ్లి నీకిష్టమైంది కొనుక్కురా నాన్నా' అని ఎప్పుడైనా అన్నామా?

చాలా ఇళ్లలో అనలేదు. ఎందుకంటే వాడికి పాతికేళ్లొచ్చినా మన కళ్లకు ఇంకా అయిదేళ్లే.

పద్దెనిమిది దాటాక...

మెదడు, నరాల ఎదుగుదలలో తేడా వల్ల వచ్చే ఇబ్బందులు రకరకాలు. సెరిబ్రల్ పాల్సీలో ఆలోచన చక్కగానే ఉండొచ్చు, కాళ్లూ చేతులూ మాట వినవు. ఆటిజంలో ఒళ్లు దృఢంగానే ఉంటుంది, నలుగురితో మాట కలపడం, అలవాటైన పద్ధతి మారితే తట్టుకోవడం కష్టం. మేధోవైకల్యం ఉన్నవాళ్లు నేర్చుకుంటారు, కాకపోతే నెమ్మదిగా. వీటిలో దేనికైనా ఫిట్స్ తోడు కావచ్చు. 'పిచ్చోడు', 'వెర్రిబాగులోడు' అని ఊళ్లో అన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టేస్తాం కానీ, ఒకరికి కావలసింది ఇంకొకరికి అక్కర్లేదు.

చిన్నప్పుడు ఏదో ఒక దారి ఉంటుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. పద్దెనిమిది దాటిన మర్నాటి నుంచే అసలు సమస్య. తోటిపిల్లలు కాలేజీలకో హైదరాబాదుకో వెళ్లిపోతారు. వీళ్లకు ఇల్లే ప్రపంచం. పొద్దున టీవీ, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం అరుగు. నేర్చుకున్న నాలుగు పనులూ వాడకపోతే మర్చిపోతారు.

ఇక తల్లిదండ్రులకు రాత్రిపూట నిద్రపట్టనివ్వని మాట ఒకటుంది. 'మేమున్నంత కాలం ఫర్వాలేదండీ... మా తర్వాత?' ఈ ప్రశ్నకు జవాబు ఆశ్రమంలోనో, ఆస్తిలోనో ఉందనుకుంటారు చాలామంది. అవీ అవసరమే. కానీ తన అన్నం తను పెట్టుకుని తినగలిగే మనిషిని చూసుకోవడానికి పదిమంది ముందుకొస్తారు. ముద్ద కలిపి నోట్లో పెట్టాల్సిన మనిషిని చూసుకోవడానికి కన్నతల్లి తప్ప ఎవరుంటారు? 'మా తర్వాత' అనే ప్రశ్నకు జవాబు 'మేముండగానే' మొదలవ్వాలి.

తెలుగునేల మీదే బడి

ఇలాంటివాళ్లకు నేర్పడం ఎలా అన్నది ఎక్కడో విదేశాల నుంచి తెచ్చుకోవలసిన విద్యేం కాదు. 1968లోనే హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. 1977లో డాక్టర్ పి.హనుమంతరావు సికింద్రాబాద్‌లో 'స్వీకార్'ను స్థాపించారు. 1984లో కేంద్రప్రభుత్వం మేధోవైకల్యం కోసం పెట్టిన జాతీయ సంస్థ కూడా సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లోనే ఉంది.

మనకు ఇబ్బందల్లా దూరం. మాచర్ల నుంచి గుంటూరు వెళ్లిరావాలంటేనే రోజు గడిచిపోతుంది. ఇక వారం వారం హైదరాబాదు ఎక్కడ? అయితే అక్కడి నిపుణులు చెప్పేదాంట్లో చాలాభాగం ఇంట్లో చేయదగ్గదే. ప్రత్యేక బడుల్లో వాడే 'మద్రాస్ డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్' అనే పట్టికనే తీసుకోండి. అందులో 18 విభాగాలు, ఒక్కోదాంట్లో 20 చొప్పున మొత్తం 360 నైపుణ్యాలు. తినడం, బట్టలు వేసుకోవడం, దువ్వుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, టైము చూడటం, డబ్బు వాడటం, ఇంటిపని, ఊరు తెలుసుకోవడం, తీరికవేళ గడపడం... చదవడం, రాయడం, అంకెలు అందులో మూడంటే మూడే విభాగాలు! మనమేమో 'మావాడికి చదువు రాలేదు' అని అన్నిటికీ ఒకేసారి తలుపులు మూసేస్తాం.

చివరి గుండీ నుంచి మొదలు

చొక్కా తొడుక్కోవడం మనకు ఒక పని. నేర్చుకునేవాడికి అది పది పనులు. అందుకే నిపుణులు ముందు దాన్ని ముక్కలు చేస్తారు. తర్వాత చివరి ముక్క నుంచి నేర్పుతారు. చొక్కా మీరే తొడగండి. పై గుండీలన్నీ మీరే పెట్టండి. అట్టడుగు గుండీ ఒక్కటి వాడికి వదిలేయండి. అది పెట్టగానే చొక్కా వేసుకోవడం పూర్తయిపోతుంది. 'నేనే వేసుకున్నా' అన్న సంతోషం వాడిది. అది బాగా వచ్చాక చివరి రెండు. ఆ తర్వాత మూడు. మొదటి గుండీ నుంచి మొదలుపెడితే, ఒకటి పెట్టేసరికే అలసిపోతాడు. మిగతావి మీరు పెట్టేస్తారు. పని పూర్తి చేసిన ఘనత మళ్లీ మీకే!

అన్నం వండటమూ అంతే. కరెంటు కుక్కర్ అయితే మంట భయం లేదు. గ్లాసుతో బియ్యం కొలవడం, కడగడం, అదే గ్లాసుతో నీళ్లు పోయడం, గిన్నె అడుగు తుడవడం, కుక్కర్లో పెట్టడం, మూత వేయడం, స్విచ్చి వేయడం, లైటు మారాక ఆపడం... ఎనిమిది మెట్లు. ఒక్కో మెట్టుకీ సెల్‌ఫోన్లో ఒక ఫొటో తీసి, ప్రింటు వేయించి, వంటింటి గోడకు వరసగా అంటించండి. అక్షరాలు రానివాళ్లూ బొమ్మ చూసి చేసుకుపోతారు. ఆటిజం ఉన్నవాళ్లకైతే ఈ బొమ్మల వరస పెద్ద ధైర్యం. తర్వాత ఏం జరగబోతోందో ముందే తెలుస్తుంది కదా!

మొదట చెయ్యి పట్టి చేయించాలి. తర్వాత వేలితో చూపించాలి. ఆ తర్వాత మాటతో గుర్తుచేయాలి. ఆఖరికి ఏమీ అనకుండా పక్కన నిలబడాలి. అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే. మనం రెండు నిమిషాల్లో చేసేసే పనికి వాడు ఇరవై నిమిషాలు తీసుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడటం అమ్మకు పరీక్షే. నీళ్లు ఒలుకుతాయి. బియ్యం చిందుతాయి. అయినా సరే, 'ఇలాతే నేను చేస్తా' అన్న మాట మాత్రం నోటి దాకా వచ్చినా మింగేయాలి.

ఫిట్స్ ఉన్నవాళ్ల విషయంలో కొన్ని జాగ్రత్తలు తప్పవు. స్నానాల గదికి లోపలి గడియ వద్దు. బావుల దగ్గరికీ సాగర్ కాలువ దగ్గరికీ ఒంటరిగా పంపొద్దు. ఏడు అరల మందుల డబ్బాలో వారానికి సరిపడా మాత్రలు సర్ది, ఏ రోజువి ఆ రోజు తనే తీసుకునేలా అలవాటు చేయొచ్చు. తగ్గిపోయిందని డాక్టరును అడక్కుండా మందు ఆపితే ప్రమాదం. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దే వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైము చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఊరే మనకు బడి

పెద్ద నగరాల్లో మనిషిని జీతానికి పెట్టుకుని నేర్పించే పాఠం ఒకటి మన ఊళ్లలో ఉచితంగా దొరుకుతుంది. అదే బయట తిరగడం. కిరాణాకొట్టు బాబాయికి మీవాడు పుట్టినప్పటి నుంచీ తెలుసు. టిఫిన్ బండి అక్కకు తెలుసు. ఆర్టీసీ కండక్టరుకూ తెలిసే ఉంటుంది. వాళ్లే మాస్టార్లు.

లెక్కలు రావని డబ్బు ఇవ్వడం మానకండి. 'పైపది' పద్ధతి చాలు. వస్తువు 34 రూపాయలైతే నాలుగు పది నోట్లు ఇవ్వడం, చిల్లర తీసుకోవడం. కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. అదీ కష్టమైతే పాలకో కవరు, కూరగాయలకో కవరు. కవరు మీద బొమ్మ. మొదట్లో కొట్టు బాబాయికి మీరే వెళ్లి చెప్పండి. 'మావాడొస్తాడు, కాస్త ఓపికపట్టు బాబాయ్. వాడు అడిగిందాకా నువ్వు ఇవ్వొద్దు' అని. ఆ చివరి మాట ముఖ్యం. అడగకుండానే చేతిలో పెడితే అడగడం ఎప్పటికీ రాదు.

బస్సు ప్రయాణమూ మెట్లు మెట్లుగానే. నరసరావుపేట నుంచి సత్తెనపల్లి అనుకోండి. మొదట పక్కపక్క సీట్లలో. కొన్నాళ్లకు మీరు వెనక సీట్లో, వాడు ముందు. టికెట్టు తనే అడగాలి. ఇంకొన్నాళ్లకు ఇక్కడ మీరు ఎక్కిస్తారు, అక్కడ మేనమామ దింపుకుంటాడు. జేబులో పేరూ ఫోన్ నంబరూ రాసిన కార్డు ఎప్పుడూ ఉండాలి. ఏడాది పట్టనివ్వండి, ఏముంది?

పెద్ద జనం, పెద్ద చప్పుడు అంటే ఆటిజం ఉన్నవాళ్లకు ప్రాణసంకటం. కోటప్పకొండ తిరునాళ్లకు తీసుకెళ్లాలంటే ప్రభలూ మైకులూ ఎలా ఉంటాయో ముందే ఫోన్లో వీడియో చూపించండి. చెవులకు అడ్డం పెట్టుకునేవి వెంట ఉంచుకోండి. తిరునాళ్ల ముగిసేదాకా ఉండక్కర్లేదు. దర్శనం చేసుకుని అరగంటలో వచ్చేసినా, 'ఎక్కడికీ తీసుకెళ్లలేం' అన్న మాట ఆ రోజుతో పోతుంది.

ఊరు నేర్పుతుంది సరే, ఏడిపిస్తుంది కూడా. 1986లో వచ్చిన 'స్వాతిముత్యం'లో శివయ్యను చూసి మనమంతా కళ్లు తుడుచుకున్నాం. వీధిలో శివయ్య ఎదురైతే పిల్లలు వెంటపడి అల్లరి చేస్తుంటే నవ్వుకుంటూ వెళ్లిపోతాం. పాతికేళ్ల మనిషి ఎదురుగా ఉండగా వాళ్లమ్మ వైపు తిరిగి 'వీడు కాఫీ తాగుతాడా వదినా?' అని అడుగుతాం. ఈసారి నుంచి వాణ్నే అడిగి చూడండి. జవాబుకు ఒక్క నిమిషం ఆగండి. చుట్టాలు చేయగలిగిన సాయాల్లో దీన్ని మించింది లేదు. పల్నాట బ్రహ్మనాయుడు అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ పంక్తిలో వీళ్లకూ ఒక చోటుండాలి కదా!

సాయం అడిగితే తక్కువా?

కొందరికి ఎన్నేళ్లు నేర్పినా చొక్కా గుండీ రాదు. తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీలో వేళ్లు సహకరించవు. అలాంటివాళ్లకు సొంత జీవితం లేనట్టేనా?

ఈ ప్రశ్నకు అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ జవాబు చెప్పారు. పోలియోతో మెడ కింద శరీరం చచ్చుబడి, ఊపిరి కోసం యంత్రం మీద ఆధారపడిన ఆయన 1962లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1972లో బర్కిలీలో ఆయనా మిత్రులూ కలిసి 'ఇండిపెండెంట్ లివింగ్' కేంద్రాన్ని ప్రారంభించారు. వాళ్ల మాట సూటిగా ఉంటుంది. స్వతంత్రంగా బతకడమంటే అన్నీ తనే చేసుకోవడం కాదు. ఏది, ఎప్పుడు, ఎలా అన్నది తను చెప్పగలగడం. రెండు గంటలు కష్టపడి చొక్కా తొడుక్కుని అలసిపోయి పడుకునే కన్నా, సాయంతో పది నిమిషాల్లో తయారై ఇష్టమైన పనికి వెళ్లడమే మేలు.

మన దేశంలో మాలినీ చిబ్‌ను చూడండి. సెరిబ్రల్ పాల్సీతో పుట్టారు. ఆమె కోసం తల్లి మిథు అలూర్ 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించారు. మాలిని లండన్‌లో రెండు పీజీలు చేశారు. ఒకే ఒక్క వేలితో టైపుచేస్తూ ఆత్మకథ రాశారు. దాని పేరే 'వన్ లిటిల్ ఫింగర్'. పక్కన సాయానికి మనుషులున్నారు. నిర్ణయాలు మాత్రం ఆమెవి.

కాబట్టి గుండీ పెట్టలేనివాడికి కూడా మనం నేర్పాల్సిందొకటుంది. నీలం చొక్కానా, తెల్లదా? ఇడ్లీనా, ఉప్మానా? చూపుతోనో వేలితోనో చెప్పనివ్వండి. రోజుకు రెండు చొక్కాలు ముందు పెట్టి అడగడం ఖర్చులేని పని.

ఆడపిల్లయితే...

అమ్మాయి విషయంలో తల్లికి భయం రెట్టింపు. అందుకే గడప దాటనివ్వదు. కానీ దాచిపెట్టడం రక్షణ కాదు. ఏది ఎవరి దగ్గర చేయొచ్చో, ఎవరు ముట్టుకుంటే 'వద్దు' అని అరవాలో, ఆ సంగతి వచ్చి ఎవరికి చెప్పాలో తెలియడమే రక్షణ. మగపిల్లలకూ ఇది నేర్పాలి. నెలసరి రోజులను క్యాలెండరు మీద ఎర్రచుక్కతో గుర్తించడం, ప్యాడ్ మార్చుకోవడం, చుట్టి పారేయడం కూడా బొమ్మల వరసతో నేర్పొచ్చు.

'పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది' అనే సలహా ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. సర్దుకోదు. పెళ్లి మందు కాదు. వైకల్యం ఉన్నవాళ్లూ పెళ్లి చేసుకోవచ్చు, సుఖంగా ఉండొచ్చు. కాకపోతే ఇద్దరికీ ఉన్నది ఉన్నట్టు తెలియాలి, ఇద్దరూ ఇష్టపడాలి. దాచిపెట్టి చేస్తే రెండు జీవితాలు పాడవుతాయి.

చేతికి పని

పని అంటే జీతం ఒక్కటే కాదు. పొద్దున్నే లేచి తయారవడానికి ఒక కారణం. టిఫిన్ సెంటర్లో ప్లేట్లు తుడవడం, బట్టలకొట్లో చీరలు మడతపెట్టడం, జిరాక్సు షాపులో కాగితాలు సర్దడం, నర్సరీలో మొక్కలకు నీళ్లు పోయడం, ఇంట్లో గేదెలకు మేత వేయడం... ఒకేరకంగా, ఒకే వేళకు చేసే పనుల్లో ఆటిజం ఉన్నవాళ్లు మనకన్నా మేలు. మొదట రోజుకు గంట. డబ్బు ఎంతైనా నేరుగా వాడి చేతికే ఇప్పించండి. చదువుకున్నవాళ్లకైతే ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. అందులో ఒక శాతం ఆటిజం, మేధోవైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికని 2016 చట్టం చెబుతోంది.

కాగితాల పని

సదరం సర్టిఫికెట్ చాలా ఇళ్లలో ఉంటుంది. దాంతో ఆగిపోతారు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి.

పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు కూడా సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం కింద దరఖాస్తు చేసుకుంటే, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయింది కనుక దీనికోసం గుంటూరు వెళ్లక్కర్లేదు, నరసరావుపేట కలెక్టరేట్ చాలు. అయితే నిజంగా అవసరమైతేనే వెళ్లండి. చిన్న చిన్న నిర్ణయాలు తీసుకోగలిగినవాడికి, అతని ఇష్టాన్ని కనుక్కుంటూ ఇద్దరూ కలిసి నిర్ణయించే 'పరిమిత సంరక్షణ'కు 2016 చట్టంలో వీలుంది.

అదే ట్రస్ట్ నడిపే 'నిరామయ' బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యఖర్చులకు రక్షణ ఉంటుంది. ప్రభుత్వోద్యోగులైతే బిడ్డ వివరాలను పింఛను కాగితాల్లో ముందే రాయించాలి. మరో మాట... ఓటు. వైకల్యం ఉందని ఎవరూ ఓటు తీసేయలేరు. మతి స్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తే తప్ప పద్దెనిమిది నిండిన ప్రతి ఒక్కరిదీ ఆ హక్కు.

అమ్మ లేని ఒక రాత్రి

ఇన్ని చెప్పుకున్నా అసలు పరీక్ష ఒకటి మిగిలే ఉంటుంది. అమ్మ పక్కన లేకుండా వాడు ఒక రాత్రి గడపగలడా? ఏ జ్వరమో వచ్చి తల్లి ఆస్పత్రిలో చేరిన రోజు ఆ పరీక్ష పెట్టుకోకూడదు. అంతా బాగున్నప్పుడే పెట్టుకోవాలి. మొదట గంటసేపు ఇంట్లో ఒంటరిగా ఉంచి పక్కింట్లో కూర్చోండి. తర్వాత పిన్ని ఇంట్లో ఒక పూట. ఆ తర్వాత ఒక రాత్రి. వాడికి ఏం ఇష్టం, దేనికి భయం, ఏ మందు ఎప్పుడు, కోపమొస్తే ఎలా సముదాయించాలి... ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఇన్నాళ్లూ అవి అమ్మ బుర్రలో తప్ప ఎక్కడా లేవు.

అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతోనూ దాపరికం లేకుండా మాట్లాడండి. 'నువ్వే చూసుకోవాలి' అని ఒట్టు వేయించుకోవద్దు. ఎంతవరకు చూడగలరో వాళ్లనే చెప్పనివ్వండి. కొత్తగా వచ్చే కోడలికీ అల్లుడికీ ముందే తెలియాలి. బరువు అనుకుని భయపడ్డ తమ్ముడు, అన్నయ్య తన పనులు తను చేసుకోవడం చూశాక సగం తేలికపడతాడు.

ఇదంతా ఒక్కరోజులో అయ్యేది కాదు. ఈ ఆదివారం ఒక్క పని ఎంచుకోండి. గుండీయో, గ్లాసు బియ్యమో, కొట్టు దాకా నడకో. మూడు నెలలు దాన్నే పట్టుకోండి. వచ్చినా రాకపోయినా వాడి ముందు తిట్టొద్దు, పక్కింటివాళ్లతో పోల్చొద్దు. ఎన్నేళ్లుగానో బిడ్డ కోసం అన్నీ చేసిన చేతులు అవి. ఇక అప్పుడప్పుడూ వెనక్కి తీసుకోవడం నేర్చుకోవలసింది కూడా ఆ చేతులే.